జీను దించితే మీ బరువెంత?

కహోన్ చీకో,
జూన్ ఆఖరి వారం.

లాస్ లెంగాస్‌లో మంచుబోర్డులు బాగుచేసే షెడ్డు యజమాని గారికి,

పై గుడిసె కాపలాదారు ఎవారిస్తో పైనెమాల్ టోపీ తీసి రాసుకునేది. ఇక్కడ నేనూ, నా కంచరగాడిద సెనేటరూ కులాసా. దానికి మొదట్లో వేరే పేరుండేది. తినడం తప్ప కదలడం లేదని జనమే మార్చారు. అక్కడ మీరూ, మీ షెడ్డూ కులాసా అని తలుస్తాను.

నాకొక స్నోబోర్డు కావాలి. పిల్లలది కాదు, పెద్దవాడు ఎక్కేది. ఆ పెద్దవాణ్ణి నేనే. యాభై తొమ్మిది నిండాయి. జూన్‌లో మంచు పడిందంటే సెనేటరు పొట్ట దాకా కూరుకుపోతుంది, ఇక వసంతం వచ్చేదాకా నాకు కిందికి దారి లేదు. పోయినేడు ఓ కుర్రాడు ఒంటి పలక మీద నిలబడి మా గుమ్మం ముందునుంచి జారిపోయాడు. నేను మాతే టీ రెండో గుక్క మింగేసరికి వాడు కింద లోయలో ఉన్నాడు. అలాంటిది ఇప్పించండి. స్కీలు వద్దు. రెండు చెక్కలంటే రెండు బుద్ధులు. నాకున్న ఒక్క బుద్ధే అంతంతమాత్రంగా పనిచేస్తుంది.

సెప్టెంబరులో దారి తెరుచుకునేలోపు నేనొకసారి కిందికి దిగాలి. ఎందుకని అడగొద్దు. స్కీల మీద గస్తీకి వచ్చే కార్పొరల్ ఒహేదా చేతికి ఈ ఉత్తరంతో పాటు రెండు మేకతోళ్ళు, ఒక బస్తా పైన్ గింజలు ఇచ్చాను. చాలకపోతే మొహమాటం లేకుండా చెప్పండి.

ఇట్లు,
విధేయుడు ఎవారిస్తో.

తా.క. నెమ్మదైన పలక చూసి పంపండి. కొండదారి ఎరిగినదైతే మరీ మంచిది. లేత వయసుది వద్దు.

*

లాస్ లెంగాస్,
జులై మొదట్లో.

దోన్ ఎవారిస్తో గారికి,

యజమాని కొండ కింద పర్యాటకుల పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నాడు. విరిగిన అంచులు అతికేదీ, అడుగున మైనం పూసేదీ, ఉత్తరాలకు జవాబు రాసేదీ నేను. పేరు యనీనా కిలోద్రాన్. ఈ పని నాకెవరూ నేర్పలేదు. జనం విరగ్గొట్టి పారేసిన బోర్డులు విప్పి చూసి నేర్చుకున్నాను. కాబట్టి నేను చెప్పింది వినండి, ఎదురు చెప్పకండి.

బోర్డుకు వయసుండదు. దారి తెలీదు. ఎక్కినవాడికున్న తెలివే దానికీ ఉంటుంది.

మీ ఎత్తు నాకక్కర్లేదు. నిలబెడితే గడ్డం దాకా రావాలి, ముక్కు దాకా రావాలి అని చెప్పేవాళ్ళు మీ గుడిసె దాకా వస్తే తలుపేసుకోండి. బోర్డుకు మీ గడ్డం కనపడదు, మీ బరువే తెలుస్తుంది. బరువు రాయండి. పాదం సైజు రాయండి, ఎందుకంటే పాదం పెద్దదైతే వెడల్పు బోర్డు కావాలి, లేకపోతే వేళ్ళు పక్కకి పొడుచుకొచ్చి మంచును గోకుతాయి, మీరు బోర్లా పడతారు. ఏ కాలు ముందుకు పెడతారో రాయండి. మీకెంత వచ్చో అదీ రాయండి. కొత్తవాడికి మెత్తగా వంగే బోర్డు, బాగా వచ్చినవాడికి గట్టిది.

ఇట్లు,
యనీనా.

తా.క. నిజం రాయండి. రాజధాని నుంచి వచ్చేవాళ్ళు బరువులో పది కిలోలు దాస్తారు, నేర్పులో పదేళ్ళు కలుపుతారు. తర్వాత విరిగిన కాలు ఆసుపత్రికి పోతుంది, విరిగిన బోర్డు నా బల్ల మీదికొస్తుంది. కాలికి సెలవు దొరుకుతుంది. నాకు దొరకదు.

*

కహోన్ చీకో,
జులై నడుమ.

చిరంజీవి యనీనా అమ్మాయికి,

ఎవారిస్తో దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం కులాసా. యజమాని అనుకుని టోపీ తీశాను. అయినా పర్లేదు, పనిచేసే మనిషి ముందే కదా తీశాను.

నువ్వు నిజం రాయమన్నావు. మోసేదాని దగ్గర బరువు దాచేవాడు మనిషే కాదు, దాని నడుం విరుగుతుంది. నేనొక్క కిలో కూడా దాచలేదు. నూట ఇరవై ఆరు.

పాదం నలభై ఆరు, ఉన్ని మేజోళ్ళతో. కాలు ఎడమది. నేను ఊహ తెలిసినప్పటినుంచీ ఎడమకాలే ముందు. కుడికాలు పెట్టి ఎక్కితే అటువైపు దబ్బున పడతామని మా నాన్న నెత్తిన మొట్టి నేర్పాడు. ఇక నేర్పంటావా, ఈ కొండ మీద నా అంత తిరిగినవాడు లేడు. ఇది నా గొప్ప కాదు, ఒహేదానే అడుగు.

ఇట్లు,
ఎవారిస్తో.

తా.క. మైనం పెడతానన్నావు. రోజుకు ఒక పూటా, రెండు పూటలా?

*

లాస్ లెంగాస్,
జులై ఆఖరు.

దోన్ ఎవారిస్తో గారికి,

ఇన్నాళ్ళకి నిజం రాసిన ఒక్క మనిషి దొరికాడు. నూట ఇరవై ఆరు అని మీరు దాచకుండా రాసిన కాగితం గోడకి అంటించాను. రాజధాని వాళ్ళకి వేలు పెట్టి చూపిస్తున్నాను.

నూట డెబ్బై సెంటీమీటర్ల బోర్డు పంపుతున్నాను. వెడల్పు రకం, ఇనప రేకంత గట్టిది. ఎవరో నార్వే మనిషి వదిలేసి పోయాడు. దాన్ని ఎక్కగలిగినవాడు ఈ లోయలో ఇంతవరకు పుట్టలేదనుకున్నాను. నలభై ఆరు బూట్లు పెట్టాను. బూటు బిగుతుగా ఉండాలి. వేళ్ళ కొసలు ముందు అలా తగలాలి, మోకాలు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు. ఆ బూటుకు సరిపోయే పట్టీలు బోర్డుకి బిగించాను, ఎడమకాలు ముందుండేట్టు. నూలు బట్టలు వేసుకోవద్దు. తడిస్తే ఒంటికి అతుక్కుని చలికి చంపుతాయి. ఉన్నికి మీకు కొదవ లేదు కదా. మణికట్లు విరక్కుండా తొడుగులు పెట్టాను, హెల్మెట్ పెట్టాను. హెల్మెట్ వద్దని గోడకి తగిలిస్తే నేనే పైకొచ్చి మీ తల పగలగొడతాను.

ఇట్లు,
యనీనా.

తా.క. ఒహేదా ఈ బోర్డుని వీపుకి కట్టుకుని బయల్దేరాడు. గాలి వీచినప్పుడల్లా తెరచాప కట్టిన పడవలా వెనక్కి వస్తున్నాడు. ఆలస్యమైతే నన్ననకండి.

*

కహోన్ చీకో,
ఆగస్టు మొదట్లో.

చిరంజీవి యనీనాకి,

సెనేటరు కులాసా. నేను సగం కులాసా, ఎడమవైపు.

అమ్మాయ్, ఈ పలక నన్ను యజమానిగా ఒప్పుకోవడం లేదు. కొత్త జంతువుతో ఎలా మెలగాలో నాకు నేర్పక్కర్లేదు. మొదటిరోజు కొట్టంలో సెనేటరు పక్కన కట్టేశాను, మొహాలు అలవాటు పడతాయని. కాస్త ఉప్పు రాశాను. సెనేటరు నాకింది, పలక పట్టించుకోలేదు. రెండోరోజు మెల్లగా మాట్లాడుతూ ఎక్కాను. పట్టీలు మోకాలితో నొక్కి, జీనుకి బిగించినట్టు బిగించాను. ఒక్క ఊపున పది బారలు పోయి, అటు తిరిగి, నన్ను కొండకి ఎదురుగా నిలబెట్టి, అక్కడ వదిలేసింది. తిప్పడానికి ఎంత ఒత్తినా వంగదు. బూట్లలో పాదం అద్దెకున్నట్టుంది, ఎప్పుడు ఖాళీ చేస్తుందో తెలీదు.

నేను మాట తప్పేవాణ్ణి కాదు. నూట ఇరవై ఆరు అని రాశాను కనక నూట ఇరవై ఆరుతోనే ఎక్కాను. జీను భుజానికి వేసుకుని, మందపాటి పోంచో కప్పుకుని, పిండిసంచీ వీపున కట్టుకుని. సెనేటరు రోజూ మోసే బరువే అది, ఒక్క రోజు కూడా కిమ్మనలేదు.

ఇట్లు,
ఎవారిస్తో.

తా.క. రేపు మళ్ళీ ఎక్కుతాను. ఈసారి పిండి దించేసి.

*

లాస్ లెంగాస్,
ఆగస్టు, మీ ఉత్తరం అందిన రోజే.

ఎవారిస్తో గారూ,

కులాసాలు తర్వాత. మీ ఉత్తరం చదివి మైనం పొయ్యి ఆపేసి, స్టూలు మీద కూలబడ్డాను.

జీనుతో తూగారా. బోర్డు వస్తువండీ, గాడిద కాదు. మీ ఒంటి బరువు అడిగితే సరుకు బరువు రాస్తారా. ఎడమకాలు అంటే రికాబులో పెట్టే కాలా. ఈ దేశంలో గుర్రం ఎక్కే ప్రతివాడూ ఎడమకాలే పెడతాడు, అందులో మీ గురించి నాకేం తెలిసింది. ఏళ్ళ తరబడి కొండమీద నడిచిన నేర్పుని బోర్డు నేర్పు అంటారా. మిమ్మల్ని నమ్మి, నార్వే మనిషి కూడా భయపడ్డ పలక పంపాను. మీకు తిక్క ఉంది. నాకు అంతకన్నా ఎక్కువ ఉంది, అడగాల్సినట్టు అడగలేదు.

ఇప్పుడు సరిగ్గా చేయండి. మడమ గోడకి ఆనించి నిలబడి, బొటనవేలి కొస దాకా కొలవండి, పల్చటి మేజోడుతో. జీను దించి, పోంచో విప్పి, బరువు తూగండి. ఏ కాలు ముందో తేలాలంటే, మీకు తెలియకుండా ఎవరైనా వెనకనుంచి తోయాలి. పడకుండా ఆపుకోడానికి ఏ కాలు ముందుకెళ్తే అదే మీ ముందుకాలు. ఒంటరిగా ఉన్నారు, ఎవరు తోస్తారో అది మీ తిప్పలు.

ఒహేదా మళ్ళీ పైకి రావడానికి వారంపైనే పడుతుంది, ఈలోపు మీరు మెడ విరుచుకుంటారు. అందుకని రేడియో వాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. మధ్యాహ్నం పల్లెల సందేశాల్లో చదువుతారు. నాలుగు ముక్కల కన్నా ఎక్కువ ఒప్పుకోరు కాబట్టి షెడ్డు పేరూ, బోర్డు మాటా కొట్టేశాను. "కహోన్ చీకోలో ఉన్న ఎవారిస్తోకి, యనీనా నుంచి. బట్టలు విప్పి తూగితే మీ బరువెంతో నాకు తెలియాలి. నేను చెప్పేదాకా ఎక్కొద్దు. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను." అంతే. మీకు అర్థమవుతుంది కదా.

ఇట్లు,
యనీనా.

తా.క. పిండి దించేస్తానని గొప్పగా రాశారు. జీను సంగతేంటి?

*

కహోన్ చీకో,
ఆగస్టు మూడో వారం.

యనీనాకి,

నాకు అర్థమైంది. లోయకి కూడా అర్థమైంది.

రేడియో మనిషి నీ సందేశం రెండుసార్లు చదివాడు. రెండోసారి నవ్వు బిగబట్టి చదివాడు. మర్నాటినుంచి నాకు సందేశాలే సందేశాలు. గొర్రెల ఉన్ని కత్తిరించేటప్పుడు ఎవారిస్తో తూకం ఎక్కాడు, డెబ్బై ఎనిమిది అని రుకా చోరోయ్ నుంచి మా పెద్దమ్మ చెప్పించింది. ఒకడు అభినందనలు పంపాడు, ఎందుకో చెప్పలేదు. ఇంకొకడు సెనేటరుని అమ్ముతావా అన్నాడు. సందేశం ముందొచ్చింది, నీ ఉత్తరం తర్వాతొచ్చింది. నడుమ ఆ ఎనిమిది రోజులు నేను రేడియో మీద గోనెసంచీ కప్పి కూచున్నాను.

కోపంతో రాస్తున్నాను కనక నిజమే రాస్తాను. కింది మలుపులో ఎల్సిరా అని ఒకావిడ ఉంది. నేత పని. భర్త పోయి పన్నెండేళ్ళు. ఎండాకాలమంతా ఆవిడకి పిండీ, కట్టెలూ నేనే మోస్తాను. మోసినప్పుడల్లా ఒక కుర్చీ చూపిస్తుంది, కూర్చుంటాను, వాతావరణం గురించి మాట్లాడి లేచి వస్తాను. సపాలాలో ఉన్న వాళ్ళ చెల్లెలు ఆవిణ్ణి ఇక అక్కడే ఉండిపొమ్మంటోంది. దారి తెరుచుకోగానే లారీ వస్తుందట, మగ్గంతో సహా తీసుకుపోవడానికి. నేను ఎండాకాలం దాకా ఆగితే తట్టడానికి తలుపు ఉంటుంది, తీసే మనిషి ఉండదు.

ఉత్తరం రాయొచ్చు కదా అంటావు. ఆవిడకి చదువు రాదు. చదివి వినిపించేది ఒహేదా. నేను జన్మలో ఒక్కసారి అడగాలనుకున్న మాట ఒహేదా గొంతులో ఆవిడ వినడం నాకిష్టం లేదు. వాడి గొంతు చాలా బాగుంటుంది.

ఆవిడకీ రేడియో ఉంది. ఇప్పుడు నన్నేమనుకుంటోందో. మొన్న ఒహేదా ఆవిడ ఇంటి దగ్గర ఆగితే మాతే కూడా పోయలేదట. సపాలా వెళ్ళే ధ్యాసలో పడి ఉంటుంది.

పాదం ఇరవై ఏడున్నర సెంటీమీటర్లు. బరువు అందరికీ తెలుసు. నీ నార్వే పలక ఒహేదాతో తిప్పి పంపుతున్నాను.

ఎవారిస్తో.

తా.క. తోయడానికి మనిషి దొరకలేదు. మేత ఆలస్యం చేసి, సెనేటరుకి వీపు చూపించి నిలబడ్డాను. కుడికాలు.

*

లాస్ లెంగాస్,
ఆగస్టు ఆఖరు.

ప్రియమైన దోన్ ఎవారిస్తో గారికి,

నాది నోటి దురుసు. రేడియో పని తప్పే. ఈ ముక్క నేను ఎవరికీ రాయలేదు, మా యజమానికి చచ్చినా రాయను.

ఈ కొండ మీదికి జనం సరదాకి వస్తారు. మంచు బాగాలేదని నన్ను తిడతారు, నేనేదో పైనుంచి చల్లినట్టు. ఒక మాట అడగడానికి కొండ దిగుతానన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. మీ బోర్డు రెండు రోజులు కూచుని చేశాను. యజమాని వేరే పని చెప్తే వినపడనట్టు ఊరుకున్నాను. నూట యాభై ఏడు సెంటీమీటర్లు. డెబ్బై ఎనిమిది కిలోల కొత్తవాడికి అది చాలు. మెత్తగా వంగుతుంది, తప్పు చేస్తే క్షమిస్తుంది. మీ పాదానికి తగ్గట్టు నడుమ కాస్త వెడల్పు. బూట్లు నలభై మూడు. కొత్తలో కాస్త నొక్కినట్టుంటాయి, నాలుగు రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగండి, పాదం తీరుకి వస్తాయి. పట్టీలు కుడికాలు ముందుండేట్టు బిగించాను, పాదాలు భుజాల కన్నా కొంచెం ఎడంగా. హెల్మెట్ పాతదే.

ముందు చదునుగా ఉన్నచోట కుడికాలు ఒక్కటే కట్టుకుని, ఎడమకాలితో మంచుని తోస్తూ నడవండి. తర్వాత చిన్న దిబ్బ మీదనుంచి. మోకాళ్ళు వంచండి, కాళ్ళ వైపు చూడొద్దు. మీరు ఎటు చూస్తే బోర్డు అటే పోతుంది. ఆవిడ ఇంటివైపు చూడండి. పడితే ముందుకి మోకాళ్ళ మీద, ముంజేతుల మీద పడండి, వెనక్కయితే పిరుదుల మీద. చేతులు చాపొద్దు. ఇక మలుపు తిరగాలంటే చూపుతో పాటు భుజాలు కూడా

ఒహేదా గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు, మబ్బు పడుతోందట. మూటలో పెట్టడానికి చేతిలోంచి ఉత్తరం లాక్కుంటున్నాడు.

యనీనా.

తా.క. ఆగడం ఎలాగో రాయలేదు. అది వచ్చే ఉత్తరంలో. అది అందేదాకా పెద్ద వాలు ఎక్కొద్దు.

*

కింది మలుపు,
సెప్టెంబరు.

చిరంజీవి యనీనాకి,

ఎవారిస్తో దీవించి రాసేది. ఈ ఉత్తరం నేను ఎల్సిరా బల్ల మీద రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా, ఎల్సిరా కోళ్ళు తప్ప. వాటి సంగతి చెప్తాను.

నీ పలక నన్ను ఒప్పుకుంది. దిబ్బ మీద ఆరు రోజులు పడ్డాను, ఏడో రోజు పడలేదు. నీ తర్వాతి ఉత్తరం కోసం ఆగేవాణ్ణే. కానీ మంచు తోసే యంత్రం ముందే వచ్చిందనీ, సపాలా లారీ గురువారమే వస్తుందనీ ఒహేదా చెప్పాడు. బుధవారం పొద్దున్నే గడ్డం గీసుకుని, సెనేటరుకి మేత వేసి, పెద్ద వాలు మీదికెక్కాను. ఎల్సిరా ఇంటి కప్పు వైపు చూశాను. పలక అటే పోయింది.

సగం దారిలో ఎల్సిరా కనపడింది. కూరుకుపోకుండా కాళ్ళకి మంచుజల్లెడలు కట్టుకుని, చేతిలో కర్రతో, ఎదురుగా పైకెక్కుతోంది. మొహం కందిపోయి ఉంది.

"ఆగు" అంది.

"ఎలాగో తెలీదు" అన్నాను. అనేసరికే దాటిపోయాను. మర్యాదకి హెల్మెట్ తీయబోయాను, కుదరలేదు.

వాళ్ళింటి కోళ్ళగూట్లో ఆగాను. గూడు ఇక లేదు. కోళ్ళు బతికాయి, మంచం కింద ఉన్నాయి.

ఆవిడ వెనక్కి వస్తుందని చూశాను. రాలేదు. మంచు మొదలైంది. మంచు పట్టేసరికి ఆవిడకి నా గుడిసే దగ్గరపడి ఉంటుంది, పైకే వెళ్ళుంటుంది అనుకున్నాను, కానీ అనుకోవడానికీ తెలియడానికీ తేడా ఉంది. కర్ర తీసుకుని రెండుసార్లు బయల్దేరాను, రెండుసార్లూ గాలి నన్ను గుమ్మంలోకే తోసింది. సాయంత్రం కాస్త తెరిపిచ్చినప్పుడు చూస్తే, పైన నా పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. యనీనా, ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. నా ఇంటి పొగ బయటనుంచి నేనెప్పుడూ చూడలేదు. నేను లేనప్పుడు అక్కడ ఎవరుంటారు, ఎవరు నిప్పు రాజేస్తారు. గుమ్మంలో నిలబడి చీకటి పడేదాకా చూశాను.

తెల్లారి దిగొచ్చింది. కోళ్ళగూటి వైపు కూడా చూడలేదు.

"ఎవరా యనీనా?"

"బోర్డులు చేసే అమ్మాయి."

"బట్టలు విప్పి నువ్వెంత తూగుతావో దానికెందుకు? నీకేమైనా అయితే అది తట్టుకోలేకపోవడమేంటి? లోయంతా విన్నది. ఎక్కొద్దంట, ఏం ఎక్కొద్దు? ఎక్కడికి రోజూ ఎక్కి దిగుతున్నావు ఈ వయసులో?"

నువ్వు కొట్టేసిన రెండు ముక్కలు ఇంత పని చేశాయి. ఆవిడ నాలుగు వారాలు మండిపడి, లారీ ఎక్కేముందు నా మొహం మీదే నాలుగూ అడిగేసి పోదామని కొండెక్కింది. బోర్డు చూపించాను, బూట్లు చూపించాను, జేబులో ఉన్న నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. నా గొంతుతోనే. చదువుతూ చదువుతూ, కింది మలుపులో ఎల్సిరా అని ఒకావిడ ఉంది అని నీకు రాసింది కూడా నోటితో చెప్పేశాను, అది నా దగ్గర లేని ఉత్తరమైనా. ఆ తర్వాత అడగాల్సింది అడిగాను. వాతావరణం మాట ఎత్తలేదు.

ఆవిడ చాలాసేపు పొయ్యి ఊదింది. మండుతున్న పొయ్యే.

"లారీ వస్తోంది, శబ్దం వినపడుతోంది" అంది. "నేను రావడం లేదని వెళ్ళి చెప్పు. గట్టిగా చెప్పు. అవతల ఇంజను మోగుతుంటుంది."

గట్టిగానే చెప్పాను.

ఇట్లు,
నీ ఎవారిస్తో.

తా.క. ఇది ఎల్సిరా చెప్తుంటే ఈయన రాస్తున్నాడు. అమ్మాయ్, నాలుగు వారాలు నిన్ను పేరు పెట్టి తిట్టాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ఒక్కటి తప్ప. మనిషికి ఆగడం నేర్పకుండా కొండ మీద వదిలేస్తావా. అది నీ దగ్గరే ఉంచుకో. అయినా ఆగడం వచ్చుంటే ఈయన సగం దారిలో ఆగి, నన్ను చూసి, మబ్బు పట్టింది అని చెప్పి, మళ్ళీ పైకి పోయేవాడు.